అద్మిరాతోర్‌కి తెలుగేమిటి?

యూరపు పటం మీద లిస్బన్ దగ్గర వేలు పెట్టి, మాడ్రిడ్, పారిస్, రోము, బుకారెస్ట్ మీదుగా వార్సా దాకా జరుపుకుంటూ పోతే, దారిలో ఏ ఊళ్ళో దిగినా చెల్లుబాటయ్యే మాట ఒకటుంది. పోర్చుగీసులోనూ స్పానిష్‌లోనూ దాన్ని అద్మిరదోర్ అంటారు. ఫ్రెంచివాళ్ళు అద్మిరాతర్ అంటారు. ఇటాలియన్లు మధ్యలో ఉన్న దకారాన్ని మింగేసి అమ్మిరాతోరె అంటారు. రుమేనియన్లూ పోలిష్‌వాళ్ళూ లాటిన్‌లో ఎలా ఉందో అలాగే అద్మిరాతోర్ అంటారు. ఇంగ్లీషులో ఎడ్మైరర్. మనిషి ఆడదైతే అద్మిరదోరా, అద్మిరాత్రీస్, అమ్మిరాత్రీచె, అద్మిరాతోర్కా అని ఎక్కడికక్కడ రూపం మారుతుంది. ఇంగ్లీషుకి మాత్రం ఆ పట్టింపు లేదు.

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తీస్తే దీనికి ఎదురుగా "అభిమాని" అని ఉంటుంది. నేనూ చాలా ఏళ్ళు అదే సరిపోతుందనుకుంటూ వాడాను, అందరూ వాడతారు. కానీ ఈ రెండు మాటలకీ మధ్య ఉన్న తేడా చిన్నది కాదని, మన సాహిత్య విమర్శలో, ముఖ్యంగా దేశం బయట ఉన్న మనం చేసుకునే విమర్శలో, కనబడే ఒక జబ్బు మూలం ఆ తేడాలోనే ఉందని నాకు అనిపిస్తోంది. ఈ వ్యాసం దాని గురించే. అయితే ముందు ఆ పరాయి మాట సంగతి తేల్చుకోవాలి.

లాటిన్‌లో "మీరుస్" అంటే ఆశ్చర్యం గొలిపేది. "మీరారీ" అంటే ఆశ్చర్యపోవడం. దానికి ముందు "అద్" చేరితే ఒకదాని వైపు తిరిగి ఆశ్చర్యపోవడం. కనక అద్మిరాతోర్ అంటే, మాటకి మాట పెట్టి చెప్పుకుంటే, ఒకదాని వైపు తిరిగి నిలబడి అబ్బురపడుతున్నవాడు. ప్రేమ, భక్తి, ఇష్టం ఇవేవీ ఆ మాటలో ఇంకా లేవు. ఉన్నదల్లా ఒక మనిషి, అతనికి ఎదురుగా ఒక వింత, రెంటికీ మధ్య కాస్త ఖాళీ జాగా.

ఇక్కడ మనకొక చుట్టరికం ఉంది. భాషాశాస్త్రజ్ఞులు ఈ "మీరుస్" పుట్టుకని ఇండో-యూరోపియన్ మూలభాషలో చిరునవ్వు అనే అర్థమున్న ధాతువు దాకా తీసుకెళ్తారు. అదే ధాతువు సంస్కృతంలో "స్మి". స్మితం, మందస్మితం, స్మేరం, మన ఇళ్ళలో ఆడపిల్లలకి పెట్టుకునే సుస్మిత అన్న పేరు, అన్నీ అక్కణ్ణించి వచ్చినవే. ఇంగ్లీషు స్మైల్ కూడా ఆ ఇంటిదే. లాటిన్ మొదటి సకారాన్ని ఎక్కడో దారిలో పారేసుకుంది, అంతే. ఈ "స్మి"కి ముందు "వి" చేరిస్తే విస్మయం. (విస్మరణలో ఉన్నది వేరే ధాతువు. మరిచిపోవడానికీ దీనికీ సంబంధం లేదు.) వింతని చూసి నోరు తెరవడానికి ముందు పెదవి కాస్త సాగుతుంది చూడండి, ఆ క్షణం ఈ ధాతువులో ఇంకా మిగిలే ఉంది. భరతుడు నాట్యశాస్త్రంలో అద్భుతరసానికి స్థాయిభావం విస్మయం అన్నాడు. అంటే రోములో అద్మిరాతోర్ అని పిలిపించుకున్నవాడికి దగ్గర బంధువు మన దగ్గర అభిమాని కాదు. విస్మితుడు.

మీరారీ సంతానం యూరపు నిండా పెరిగింది. మిరకిల్, మిరాజ్, మిర్రర్, మార్వెల్ అన్నీ ఈ ఇంటి పిల్లలే. స్పానిష్‌లో ఆశ్చర్యమంతా ఆవిరైపోయి "మిరార్" అంటే ఉత్త చూడటం అయిపోయింది. ఇటాలియన్‌లో "మీరా" అంటే తుపాకి గురి. చూపు అన్నది ఒకటి మాత్రం ఎక్కడికి వెళ్ళినా వదల్లేదు. షేక్‌స్పియర్ టెంపెస్ట్ నాటకంలో మిరాండా పేరు కూడా లాటిన్‌లో "అబ్బురపడదగినది" అన్న అర్థం వచ్చే రూపమే. ఆ పేరు మీద ఆయన నాటకంలోనే శ్లేష చేశాడు. ఆయన కాలానికి ఎడ్మిరేషన్ అంటే ఇంకా మెచ్చుకోలు కాదు, దిగ్భ్రమ. హామ్లెట్‌లో దయ్యాన్ని చూసిన కబురు విన్నవాడికి కలిగేది కూడా ఎడ్మిరేషనే.

స్పానిష్‌లో ఆశ్చర్యార్థకాన్ని ఇప్పటికీ "అద్మిరాసియోన్ గుర్తు" అంటారు. హిందీలో అదే గుర్తు విస్మయాదిబోధక చిహ్నం. ఒకే ధాతువు రెండు ఖండాల్లో రెండు దారులు నడిచి ఒకే చుక్కా గీతా దగ్గరికి వచ్చి ఆగింది. స్పానిష్‌వాళ్ళు ఆ గుర్తుని వాక్యానికి ముందర కూడా తలకిందులుగా పెడతారు, రాబోయేది వింతని పాఠకుడికి ముందే చెప్పిపెట్టడం లాగా. మన పత్రికల్లో కథల పేర్ల చివర మూడేసి ఆశ్చర్యార్థకాలు పెట్టే అలవాటు కన్నా అది నాకు మర్యాదగా తోస్తుంది.

గల్ఫ్‌లో ఉన్న మిత్రులకి పనికొచ్చే సంగతొకటి చెప్పి ముందుకు వెళ్తాను. ఎడ్మిరల్ అన్న మాటకి మీరారీతో పుట్టుకలో సంబంధం లేదు. అది అరబిక్ "అమీర్" నుంచి వచ్చింది. మధ్యలో దకారం ఎక్కణ్ణించి దూరిందంటే, మధ్యయుగపు లాటిన్ రాసేవాళ్ళు అమీర్‌ని తమకి తెలిసిన "అద్మిరా" మాటలతో కలిపేసుకోవడం వల్ల. అరబ్బు అధికారిని చూసి యూరపు గుమాస్తా ఆశ్చర్యపడ్డాడన్నమాట.

నేను పనిచేసే ఆసుపత్రిలో పోలిష్, పోర్చుగీస్, రుమేనియన్, ఇటాలియన్ మాట్లాడేవాళ్ళందరూ ఒక్క టీ గదిలో కూర్చుంటారు. ఈ మాట గురించి అడిగితే ఎవరి భాషలో వాళ్ళు జవాబు చెప్పారు గానీ, అందరిలోకీ ఎక్కువ నేర్పింది రుమేనియన్ నర్సు. వాళ్ళ భాషలో ఈ మాట రెండుసార్లు ఉంది. ఒకటి "అ సె మిరా". ఆశ్చర్యపోవడం, వింతపడటం. ఇది రోమన్ల నాటినుంచి నోటికి నోటిగా వచ్చింది. పల్లెలో ముసలమ్మ కూడా అంటుంది. రెండోది "అ అద్మిరా", దాన్నించి అద్మిరాతోర్. ఇది చదువుకున్నవాళ్ళు తర్వాత ఫ్రెంచినీ లాటిన్‌నీ చూసి తెచ్చిపెట్టుకున్నది. మనం అబ్బురం, అచ్చెరువు అని తద్భవాలు పెట్టుకుని, పక్కనే అద్భుతం, ఆశ్చర్యం అని తత్సమాలు కూడా పెట్టుకున్నట్టు. ఆమె అంది కదా, "మొదటిదానికి మనిషి ఆగిపోతాడు. రెండోదానికి చప్పట్లు కొడతాడు." వ్యాకరణ గ్రంథాల్లో ఇంత సులువుగా రాయరు.

యూరపు ఈ ఆశ్చర్యాన్ని ఎప్పుడూ నెత్తిన పెట్టుకుందని అనుకోవద్దు. హొరేస్ తన లేఖల్లో ఒకదాంట్లో దేనికీ ఆశ్చర్యపడకుండా ఉండటమే మనిషిని సుఖంగా ఉంచే ఉపాయమన్నాడు. మన స్థితప్రజ్ఞుడికి దగ్గరగా వచ్చే మాటది. దేకార్త్ 1649లో వేసిన ఆత్మోద్వేగాల గ్రంథంలో దీనికి పూర్తిగా ఎదురు తిరిగాడు. ఆయన లెక్కలో మూల ఉద్వేగాలు ఆరు, వాటన్నిటిలోకీ మొదటిది అద్మిరాసియోన్. దాన్ని ఇప్పటి ఇంగ్లీషు అనువాదాల్లో వండర్ అని వేస్తున్నారు, ఎడ్మిరేషన్ అంటే ఎవరికీ అర్థం కాదు కనక. అది ఎందుకు మొదటిది? ఎదురైన వస్తువు మనకి మేలు చేస్తుందో కీడు చేస్తుందో తెలియకముందే పుడుతుంది కనక. ప్రేమించాలో ద్వేషించాలో ఇంకా తేలలేదు. మనదో పరాయిదో తెలియదు. ఊరికే చూస్తున్నాం. అందుకే మిగతావాటిలాగా దానికి వ్యతిరేక పదం కూడా లేదంటాడు. ఆ వెంటనే హెచ్చరికా చేశాడు: శ్రుతిమించితే మనిషి బొమ్మలా బిగిసిపోయి వస్తువు మొదట కనబడిన వైపే చూస్తూ ఉండిపోతాడు, రెండో వైపు ఎప్పటికీ చూడడు.

ఇక మన పనికి, అంటే విమర్శకి, అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది క్వింటీలియన్. ఒకటో శతాబ్దం చివర రోములో పిల్లలకి వక్తృత్వం నేర్పిన పంతులు. ఏ పుస్తకాలు ముందు చదివించాలన్న ప్రస్తావనలో ఆయన ఈ అద్మిరాతోర్ అన్న మాట వాడాడు. పాతకాలానికి మితిమీరిన అద్మిరాతోర్ ఎవడైనా పిల్లల చేత కేటోనీ గ్రాకస్ సోదరుల్నీ మాత్రమే చదివిస్తే, పిల్లలు మొద్దుబారి ఎండిపోతారన్నాడు. అలాగని కొత్తవాళ్ళ రంగురంగుల పూల మోజులో పడినా చెడిపోతారన్నాడు. బుద్ధి గట్టిపడ్డాక రెంటినీ చదవమన్నాడు. మాట వాడుకలోకి వచ్చి ఎన్నో తరాలు కాకుండానే దానికి "మితిమీరిన" అన్న విశేషణం తగిలిందన్నమాట. తెలుగు ఎం.ఏ. పాఠ్యప్రణాళికల మీద మనం పడే తగువు కూడా ఇదే, కేటో బదులు పెద్దన, అంతే.

తర్వాత్తర్వాత మాట బరువు తగ్గింది. ఇంగ్లీషులో ఎడ్మైరర్ అంటే ఒకమ్మాయి చుట్టూ తిరిగేవాడన్న అర్థమొకటి వచ్చింది. ప్రేమికుల రోజు కార్డుల మీద సంతకం లేకుండా రాసేవాడు వాడే. మాట పలచబడేసరికి జనానికి ఇంకా చిక్కని మాటలు కావలసివచ్చాయి. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికా బేస్‌బాల్ మైదానాల్లో ఫ్యాన్ పుట్టింది. అది ఫెనటిక్‌కి ముద్దుపేరు. దానికి మూలం లాటిన్‌లో గుడి అన్న అర్థమున్న "ఫానుం". గుళ్ళో పూనకం వచ్చి ఊగేవాణ్ణి ఫానాతికుస్ అనేవాళ్ళు. ఇటాలియన్లు ఫుట్‌బాల్ అభిమానిని తిఫోసో అంటారు, టైఫస్ జ్వరం తగిలినవాడని. రష్యన్‌లో పొక్లోన్నిక్ అంటే వంగి దణ్ణం పెట్టేవాడు. చూస్తూ నిలబడ్డవాడి నుంచి పూనకం వచ్చినవాడిదాకా, జ్వరం తగిలినవాడిదాకా, మోకరిల్లినవాడిదాకా వచ్చేశాం. ఈ మాటలన్నిట్లోనూ చూపు పోయింది, ఒళ్ళు మిగిలింది.

ఇప్పుడు మన మాట. అభిమానం సంస్కృతంలో మంచి మాట కాదు. అమరకోశం దాన్ని గర్వం, అహంకారాల వరసలో కూర్చోబెట్టింది. ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికల్లో అహంకారాన్ని నిర్వచించిందే అభిమానం అన్న మాటతో. "నేను, నాది" అనుకోవడం అది. హిందీలో ఇప్పటికీ ఆ అర్థమే. హృషీకేశ్ ముఖర్జీ 1973లో తీసిన అభిమాన్ సినిమా భార్యాభర్తల మధ్య దూరిన అహం గురించి. పక్కింటి లక్నో ఆయనతో మీ మీద నాకు చాలా అభిమానమండీ అని హిందీలో తర్జుమా చేసి చెప్పి చూడండి, ఆయన మొహం ఎలా మారుతుందో. బెంగాలీలో అదే మాట ఇంకో చిత్రమైన మలుపు తిరిగింది. ఆప్తులు మనసు కష్టపెట్టినప్పుడు కలిగే అలక, చిన్నబుచ్చుకోవడం వాళ్ళకి అభిమానం. పరాయివాడి మీద అభిమానం రాదు. ప్రేమ ఉన్నచోటే వస్తుంది.

తెలుగు ఈ అర్థాలన్నిటినీ కాస్త కాస్త ఉంచుకుంది. మానాభిమానాలు అన్నప్పుడు పరువు. ఆత్మాభిమానం అన్నప్పుడు తన మీద తనకున్న గౌరవం. అభిమానపడ్డాడు అంటే నొచ్చుకున్నాడు, బెంగాలీ అర్థానికి కూతవేటు దూరం. దురభిమానం, భాషాభిమానం, కులాభిమానం అన్నప్పుడు "నాది" అన్న సాంఖ్యుల అర్థం చెక్కుచెదరలేదు. ఇన్నిటి తర్వాత వచ్చింది, సినిమా హాలు ముందు కటౌట్‌కి పాలాభిషేకం చేసే అభిమాని. వాడు కూడా నిజానికి కొత్త అర్థమేమీ కాదు. వాడు చూస్తున్నది తెర మీద బొమ్మనే అయినా వాడికి కనబడుతున్నది తనే. హీరో గెలిస్తే వాడు గెలిచాడు. హీరో సినిమా పోతే వాడి పరువు పోయింది.

పొరుగు భాషలవాళ్ళు ఇదే మనిషిని వేరే పేర్లతో పిలుస్తారు. తమిళంలో అతను రసిగర్. రసికుడని అర్థం, ఎంత బాగుందో. సంఘం పెట్టి బ్యానర్లు కట్టే విషయంలో వాళ్ళు మనకేమీ తీసిపోలేదనుకోండి. మలయాళంలో ఆరాధకుడు. కన్నడంలో మనలాగే అభిమాని, కానీ రాజ్‌కుమార్ తన ప్రేక్షకుల్ని "అభిమాని దేవరుగళు" అని పిలిచి వరసే తిరగేశాడు. పూజ చేసేవాణ్ణే దేవుణ్ణి చేశాడు. తారల గురించి నేను చదివిన వాటిలో ఇంత వినయమైన మాట ఇంకొకటి కనబడలేదు.

సినిమా అభిమానంతో నాకు తగువు లేదు. ఆ అభిమానం సాహిత్యంలోకి అదే కటౌట్‌తో, అదే పాలబిందెతో వచ్చి కూర్చోవడం దగ్గరే నా ఇబ్బంది. కొన్నేళ్ళ కిందట ఇక్కడ ఒక ఊరి కమ్యూనిటీ హాల్లో జరిగిన సాహిత్య సమావేశం చెప్తాను. పేర్లు అనవసరం. ఇక్కడే పుట్టి పెరిగి, వాళ్ళ అమ్మమ్మ దగ్గర తెలుగు చదవడం నేర్చుకున్న ఒకమ్మాయి, మనందరికీ ఇష్టమైన ఒక నవలాకారుడి మీద పావుగంట మాట్లాడింది. మొదటి నాలుగు నవలల్లో ఒక్కొక్క దృశ్యాన్ని పట్టుకుని, ఆ వాక్యం దగ్గర తనెందుకు ఆగిపోయిందో చెప్పింది. అంత దగ్గరగా చదివినవాళ్ళని ఆ సభల్లో నేను అంతకుముందు వినలేదు. చివర్లో ఒక మాట అంది: ఆఖరి రెండు నవలల్లో ఆయన తననే తను తిరగరాసుకున్నాడని, అందులో ఆడవాళ్ళు మనుషుల్లా కాక ఉపన్యాసాల్లా మాట్లాడతారని. అంతే, గది చల్లబడిపోయింది. ఒక పెద్దాయన లేచి, "అమ్మా, ఆయన పుస్తకాలు చదివే కదా నువ్వు ఈ నాలుగు ముక్కలు నేర్చుకున్నావు? ఆయన్ని అనడానికి నీకు నోరెలా వచ్చింది?" అన్నారు. ఆయన చెడ్డవారేమీ కారు. గొంతు వణికింది, కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. ఆ రచయిత ఆయన పాతికేళ్ళ వయసు. ఆయన వదిలేసి వచ్చిన ఊరు. ఆ అమ్మాయి అన్నమాట ఆయనకి పుస్తకం మీద కాక తన ఒంటి మీద తగిలింది. టీ బ్రేకులో ఆ అమ్మాయి పక్కకి ఇద్దరే వెళ్ళారు. మరుసటి ఏడు ఆమె రాలేదు.

ఆ గదిలో ఉన్న అద్మిరాతోర్ ఆమె ఒక్కతే. మిగతావాళ్ళం అభిమానులం. అభిమాని రచయితని తనలో భాగం చేసుకుంటాడు కనక, రచయితలో తప్పు ఎవరైనా చూపిస్తే అవమానపడతాడు. అవమానపడినవాడికి జవాబు తోచదు, కోపం తోస్తుంది. అద్మిరాతోర్‌కీ పుస్తకానికీ మధ్య కాస్త ఖాళీ ఉంటుందన్నాను కదా, ఆ ఖాళీలోంచే నాలుగో నవల ఎత్తూ ఆరో నవల పల్లమూ రెండూ కనబడతాయి. అసలు ఆరోదాన్ని చూసి నిరాశపడాలంటే నాలుగోదాన్ని చూసి ఆశ్చర్యపడి ఉండాలి. ఆ నిరాశే ఆమె ఇష్టానికి రుజువని ఆ పెద్దాయనకి చెప్పగలిగినవాళ్ళు ఆవేళ ఆ గదిలో లేకపోయారు.

రాజశేఖరుడు కావ్యమీమాంసలో చదివేవాళ్ళని నాలుగు రకాలు చేశాడు. ఏదీ రుచించని అరోచకి. గడ్డితో సహా అన్నీ నమిలేసే సతృణాభ్యవహారి. అసూయతో కళ్ళు మూసుకునే మత్సరి. నిజం పట్టుకోవాలన్న పట్టుదల ఉన్న తత్త్వాభినివేశి. ఈ చివరివాడు వెయ్యిమందిలో ఒకడుంటే ఉన్నట్టు అన్నాడు. విదేశాల్లో మన సంకలనాలకి వచ్చే ముందుమాటలు చదివినప్పుడల్లా రెండోవాడు గుర్తొస్తాడు. "పరాయి గడ్డ మీద ఉంటూ కూడా తెలుగులో రాస్తున్నారు" అన్న ఒక్క కారణం మీద గింజా గడ్డీ ఒకే గంపలో కొలిచేస్తారు. ఆ మెచ్చుకోలు రాసిన పని మీద కాదు, రాయడమనే పుణ్యం మీద. పాతికేళ్ళుగా ఆ మెచ్చుకోలు తింటూ వచ్చిన మనకి ఒక చక్కటి వాక్యాన్నీ ఒక చప్పటి వాక్యాన్నీ విడదీసి చూపించేవాళ్ళు కరువయ్యారు.

అలాగని ఇది విదేశానికి వచ్చాక పట్టిన జబ్బని తప్పించుకోవడానికి లేదు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో అచ్చైన కవిత్వతత్త్వ విచారంలో పింగళి సూరన కథాకల్పనని ఎత్తుకున్నంతగా అంతకుముందు ఎవరూ ఎత్తుకోలేదు. ఆ చేత్తోనే ప్రబంధకవుల వర్ణనల మోజుని కడిగేశారు. ప్రబంధాభిమానులకి రెండోదే వినబడింది. వాళ్ళ జవాబుల్లో తెలుగు కవిత్వానికి ఏదో ద్రోహం జరిగిపోయిందన్న బాధ ఉంటుంది, సూరన గురించి ఆయన చూపించింది నిజమా కాదా అన్న ఆరా తక్కువ. కట్టమంచి కేంబ్రిడ్జిలో చదువుకున్నవారు. ఆ చదువు వల్లే అలా రాశారని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నాకైతే ఆయన కేంబ్రిడ్జి కళ్ళజోడు కన్నా, సూరన కథ నడిపే తీరుకి ఆయన నోరు తెరుచుకుని చూసిన చూపే ఎక్కువ కనబడుతుంది.

సూరన మాట వచ్చింది కనక ఇంకొకటి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి కళాపూర్ణోదయాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. 2002లో కొలంబియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం వేసింది. మన సభల్లో ఆ పుస్తకం పేరు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ప్రతిసారీ వరస ఒకటే: చూశారా, మన సూరనని పదహారో శతాబ్దంలోనే నవల రాసినవాడని వాళ్ళు కూడా ఒప్పుకున్నారు! అద్దంలో మనల్ని చూసుకున్నట్టు. (అద్దం కూడా మీరారీ బిడ్డే, పాపం.) కానీ ఆ మాట అన్న ఎంతమంది సూరనని తెరిచారు? తెరిస్తే అక్కడ వింత ఉంది. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో చెప్పిన ఒక కథ భూమి మీద నిజం మనుషుల బతుకులై నడిచిపోతుంది. తాము ఎవరి కథలో ఉన్నారో తెలియకుండా బతుకుతున్నవాళ్ళ చెవిన ఆ కథే చివరికి పడుతుంది. ముందు జరిగినట్టు కనబడింది ఎందుకు జరిగిందో చాలా వెనకగా తెలుస్తుంది. మనం నిజంగా ఇది చదివితే "మన సూరన" అనడానికి ముందు కాసేపు మాట రాదు. ఆ మాటరాని కాసేపే నేను అడుగుతున్నది. అది లేకుండా వచ్చే "మన" దేనికి పనికొస్తుంది?

సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు తన పూర్వీకుడు నారాయణుడి అభిప్రాయమొకటి చెప్పాడు. ఏ రసమైనా దాని సారం చమత్కారమే కనక అన్ని రసాల్లోనూ ఉన్నది అద్భుతమేనని. చమత్కారం అంటే అక్కడ మనసు ఒక్కసారి విప్పారడం. తెలుగులో అది పెళ్ళిభోజనాల్లో వేసే జోకు స్థాయికి దిగిపోయింది. హిందీవాళ్ళు మాత్రం మిరకిల్‌కి చమత్కార్ అంటారు. అంటే ఆశ్చర్యానికి పెద్దపీట వేయడం యూరపు దగ్గర అరువు తెచ్చుకోవలసిన పని కాదు. అది మన అలంకారశాస్త్రంలో ఉంది, మన వాడుకలోనే జారిపోయింది.

అభిమానం పక్షాన కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే ఆ పెద్దాయనకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. అద్మిరాతోర్‌కి కట్టుబాటు లేదు. వింత తీరగానే ఇంకోవైపు తిరుగుతాడు. తెలుగు పుస్తకాల్ని ఇరవైమూడు కిలోల సూట్‌కేసుల్లో, పచ్చళ్ళ సీసాలు తీసేసి మరీ మోసుకొచ్చింది అభిమానులు. ఎవరూ చదవని కాలంలో చందాలు కట్టి పత్రికల్ని నిలబెట్టింది అభిమానులు. ఆ అమ్మాయికి తెలుగు నేర్పిన అమ్మమ్మ కూడా ఆ నవలాకారుడికి అభిమానే అయ్యుంటుంది. పైగా సంస్కృతంలో విస్మయానికీ స్మయానికీ గర్వమన్న అర్థం కూడా ఉంది, కనక ఆశ్చర్యం మరీ అంత పరిశుద్ధమైన సరుకూ కాదు. నేను ఎంతగా ఆశ్చర్యపడగలనో చూడండి అని పోజు పెట్టే విమర్శకులూ ఉన్నారు, వాళ్ళ వ్యాసాలూ చదివాం. అయితే సూట్‌కేసులో పుస్తకం మోసుకొచ్చిన చేతులే దాన్ని చదివే మనిషి నోరు నొక్కడం న్యాయం కాదు. ఆ అమ్మాయి లాంటివాళ్ళు పోతే, ఆ పుస్తకాలు తర్వాత ఎవరికి ఇస్తాం?

ఇంతకీ అద్మిరాతోర్‌కి తెలుగేమిటి? ఆరాధకుడు అంటే కిందనుంచి పైకి చూసేవాడు. మెచ్చేవాడు అందామంటే, మెచ్చడం ఎప్పుడూ పైనుంచి కిందకి: రాజు మెచ్చి అగ్రహారమిస్తాడు, శివుడు మెచ్చి వరమిస్తాడు. అభిమాని చూడనే చూడడు, కౌగిలించుకుంటాడు. రసికుడిని మనం జావళీల్లోనూ సినిమా పాటల్లోనూ ఖర్చు చేసేశాం. సహృదయుడు మంచి మాటే గానీ సన్మానపత్రాల్లో మరీ నలిగింది. ఎదురెదురుగా, సమానమైన ఎత్తులో నిలబడి అబ్బురపడేవాడికి మనకి నామవాచకం లేదు, క్రియ మాత్రం ఉంది.

ఈ మధ్య ఒక కథని ఇంగ్లీషు నుంచి అనువాదం చేస్తుంటే, అందులో ఒక ముసలి పాఠకురాలు రచయితకి రాసిన ఉత్తరం చివర తనని తాను ఎడ్మైరర్ అని చెప్పుకుంటుంది. అంతకు రెండు పేరాల ముందే ఆమె ఆ రచయిత కొత్త పుస్తకం బాగాలేదని రాసింది. నేను "మీ రాతకి అబ్బురపడుతూ ఉండే" అని పెట్టాను. ప్రూఫులు తిరిగొచ్చేసరికి అది "మీ వీరాభిమాని" అయింది. కొట్టేసి, మళ్ళీ నా మాటే రాసి పంపాను.